తాడు పెరిగిందండీ

బెజవాడ సిటీ బస్సులో పక్కన కూర్చున్నాయన ఎవరైనా "మీరేం చేసేవారండీ?" అని అడిగితే, "తాళ్లు కట్టేవాణ్ణి" అంటాను. ఆయన నా వంక ఒకసారి, నా చేతిసంచీ వంక ఒకసారి చూసి, "షామియానాలకాండీ?" అంటాడు. కాదండీ, తెరచాపలకు అంటే కాస్త జరిగి కూర్చుంటాడు. ఇరవై రెండేళ్లు చేసిన పనికి మా ఊళ్లో నాకు దక్కిన గౌరవం అది.

బ్యారేజీకి ఎగువన, ఇబ్రహీంపట్నం వైపు ఒడ్డున ఒక సెయిలింగ్ శిక్షణ కేంద్రం ఉంది. చిన్న చిన్న తెరచాప పడవలు, ఒక రేకుల షెడ్డు, ఒక జెట్టీ, బోలెడంత గాలి. అక్కడ నేను రిగ్గర్‌ని. పడవకు కొయ్యలు నిలబెట్టడం, చాపలు ఎక్కించడం, తాళ్లు వేయడం నా పని. నన్ను తాళ్ల మాస్టారు అనేవారు. నేను రిటైరయ్యాక నా స్థానంలోకి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. "మాస్టారూ, మీ అనుభవాలు నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అని వాళ్లే అడిగారు.

ముడులు ఎలా వేయాలో పుస్తకాల్లో ఉంది, ఫోన్లలో వీడియోలూ ఉన్నాయి. నేను మళ్లీ చెప్పక్కర్లేదు. వాటిలో లేని సంగతి ఒకటి చెబుతాను. ఒక తాడు గురించి ఒక మనిషి నాకు సరిగ్గానే చెప్పింది. నేను తప్పుగా విన్నాను. దానివల్ల ఒకాయన నీళ్లలో పడ్డాడు, ఆమె ఉద్యోగం పోయింది. ఆ ఉద్యోగం తిరిగి వస్తుందా లేదా అన్నది నా నోటి మీద ఆధారపడింది. నా నోరేమో సమయానికి పెగల్లేదు. ఇది నా పేరు పెంచే కథ కాదు, అయినా మీకు పనికొచ్చేది ఇదే.

లుంగీ ఎగ్గట్టడం

ముందు పని చెప్పాలి. తెరచాపకు గాలి కావాలి, కానీ ఎక్కువైతే అరగదు. గాలి పెరిగినప్పుడు చాప మొత్తం ఎత్తి ఉంచితే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, చుక్కాని మాట వినదు, కాసేపట్లో మీరు నీళ్లలో ఉంటారు. పోనీ చాప పూర్తిగా దించేద్దామా అంటే పడవ కదలదు. అందుకని చాపను కొంత దించి, దిగిన మేర గుడ్డను అడుగున మడిచి కట్టేస్తారు. దాన్ని ఇంగ్లీషులో రీఫింగ్ అంటారు.

నేను చేరిన కొత్తలో కోచ్‌లు బోర్డు మీద బొమ్మ గీసి, బాణాలు వేసి గంటసేపు ఇదే చెప్పేవారు. పిల్లలు తలలూపేవారు. నీళ్లలోకి దిగాక ఒక్కడికీ గుర్తుండేది కాదు. ఒకరోజు నేను ఉండబట్టలేక, షెడ్డులో లుంగీ మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టే లేచి వచ్చాను. "ఒరేయ్, మోకాలి లోతు నీళ్లొస్తే ఏం చేస్తార్రా?" అని అడిగి, లుంగీ ఎగ్గట్టి చూపించాను. "రెండు కొసలు లాగి గట్టిగా దోపుతాం గదా? చాపకూ అంతే. ముందు కొస గట్టిగా, వెనక కొస గట్టిగా. మధ్యలో మిగిలిన గుడ్డ ఊరికే పడుంటుంది" అన్నాను. కాకపోతే లుంగీ పైకి పోతుంది, చాప కిందకు వస్తుంది, అంతే తేడా.

ఆ రోజుతో మా కేంద్రంలో రీఫింగ్ అన్న మాట పోయింది. మెగాఫోన్‌లో కూడా "ఎగ్గట్టండి! ఎగ్గట్టండి!" అనే అరిచేవారు. పోటీలకు వచ్చిన ఢిల్లీ పిల్లలు కూడా ఆ మాట నేర్చుకుని పోయారు. అక్కడ దానికి ఏం అర్థం చెప్పుకుంటున్నారో నాకు తెలియదు.

ఇందులో ప్రాణమంతా వెనక తాడులో ఉంది. చాప అడుగున అడ్డంగా ఉండే కొయ్యను బూమ్ అంటాం. వెనక తాడు ఒక కొస బూమ్‌కు కట్టి ఉంటుంది. అక్కణ్ణుంచి పైకి పోయి చాప అంచున ఉన్న ఇత్తడి ఉంగరంలో దూరి, మళ్లీ కిందకు దిగి బూమ్ చివరన ఉన్న కప్పీలో తిరిగి, బూమ్ వెంట ముందుకు వచ్చి మనిషి చేతికి అందుతుంది. చాప దించి, ముందు కొస తగిలించి, ఈ తాడు లాగితే వెనక కొస వచ్చి బూమ్‌కు అతుక్కుంటుంది. బూమ్‌కు కట్టే ముడి ఉంగరానికి సరిగ్గా కింద పడకూడదు, నాలుగు వేళ్లు వెనక్కి పడాలి. అప్పుడే తాడు చాపను కిందకూ లాగుతుంది, వెనక్కీ లాగుతుంది. ఈ నాలుగు వేళ్ల సంగతి తెలియక చాపను సంచీలా ఉబ్బించి, "గాలి మంచిది కాదు" అని కృష్ణను తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కమాండర్ గారు

మా కేంద్రానికి పెద్ద, నేవీలో చేసి రిటైరైన విశాఖపట్నం మనిషి. పేరు ఎవరూ వాడేవారు కాదు, కమాండర్ గారు అంతే. దేశమంతా తిరగడంతో ఆయన తెలుగు సగం అరిగిపోయింది. మిగిలిన సగం తిట్లకు వాడేవారు.

నేను మంటాడ దగ్గర రైతుల ఇంట్లో పుట్టినవాణ్ణి. పడవ ఎరగను గానీ తాడు ఎరుగుదును. గేదెను కట్టేది పలుపు, ఎద్దుల్ని తోలేది పగ్గం, నీళ్లు తోడేది చేంతాడు, మంచానికి అల్లేది నులక, తాడిచెట్టు ఎక్కేవాడి నడుముకు మోకు. ఇన్ని తెలిసినవాడికి ఇంకేం కావాలి అనుకుని ధైర్యంగా చేరాను. చేరిన ఏడాదే గర్వభంగం అయింది.

చాప మధ్యలో వరసగా చిన్న చిన్న తాళ్లుంటాయి. ఎగ్గట్టినప్పుడు వేలాడే గుడ్డను చుట్టి పెట్టడానికి. నేను వాటిని గడ్డిమోపు కట్టినట్టు, మోకాలు ఆనించి, బూమ్‌కు కలిపి బిగించేశాను. నా కట్టు చూసి నేనే మురిసిపోయాను. కాసేపటికి గాలి వచ్చింది, వెనక తాడు కొంచెం సడలింది, బరువంతా వచ్చి ఆ చిన్న తాళ్ల మీద పడింది. చాప ఒక చివర నుంచి ఇంకో చివరకు చిరుగుతూ పోయింది. ఆ చప్పుడు జెట్టీ దాకా వినిపించింది.

కమాండర్ గారు తిడతారనుకున్నాను. తిట్టలేదు. చినిగిన చాప నా ఒళ్లో వేసి, "ఈ సన్న తాళ్లు గుడ్డను పట్టుకోడానికి. గాలిని పట్టుకోడానికి ఆ రెండు కొసలున్నాయి. ఎవడి పని వాడికియ్యి" అన్నారు. నాలుగు రోజులు కూర్చుని నా చేత్తో నేనే కుట్టాను. ఆయన దగ్గర నేర్చుకున్న మంచి అంతా ఇలా నేర్చుకున్నదే. ఆయనలో చెడ్డ కూడా చెప్పాలి. తప్పు జరిగితే సాయంత్రంలోగా ఒక పేరు తేలిపోవాలి ఆయనకు. సరైన పేరా కాదా అన్నది తెల్లారాక చూసుకునే రకం.

నాంచారమ్మ

పడవలు తిరిగి వచ్చాక మంచినీళ్లతో కడిగి, చాపలు ఆరేసి, తాళ్లు చుట్టలు చుట్టి కొక్కేలకు తగిలించే పని నాంచారమ్మది. కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పుట్టిల్లు బందరు అవతల సముద్రం ఒడ్డున, మొగుడు ఇక్కడే కృష్ణలో చేపలు పడతాడు. చదువుకోలేదు. రిజిస్టరులో వేలిముద్ర వేసేది. మనిషి మాట తక్కువ, చేసే పని శుభ్రం.

తాడు కడిగేటప్పుడు ఆమె ఒక పద్ధతి పాటించేది. బకెట్లో ముంచి తీసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి తాడు మొత్తం నడిపించేది. కళ్లు ఎటో ఉండేవి, వేళ్లు మాత్రం తాడు మీదే ఉండేవి. "ఏం వెతుకుతున్నావమ్మా, తాడులో ముళ్లేమన్నా ఉన్నాయా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "వల బాగుచేసే చెయ్యండీ, ఊరుకోదు" అనేది.

మే నెల శనివారం ఒకటి. మధ్యాహ్నం నేను షెడ్డులో చాపకు అతుకు వేస్తున్నాను. నాంచారమ్మ వచ్చి నిలబడింది.

"మాస్టారూ, రెండో నంబరు పడవకి వెనక తాడు పెరిగిందండీ."

నేను సూది మీద నుంచి చూపు తీయలేదు. "కొత్త తాడు గదమ్మా. వారం పది రోజులు పెరిగిద్ది. కాస్త బిగిస్తాలే."

ఆమె ఇంకో అడుగు దగ్గరకు వచ్చింది. "బిగిస్తే సరిపోద్దాండీ?"

"ఎందుకు సరిపోదూ? నేను చూసుకుంటా, నువ్వెళ్లు."

ఇక్కడ నా తరఫున ఒక్క మాట. కొత్త తాళ్లు నిజంగానే సాగుతాయి. ఆ రెండో నంబరు తాడు కొత్తదే. అందుకని అతుకు పూర్తయ్యాక పోయి, బూమ్ దగ్గర ముడి విప్పి, జానెడు లోపలికి లాగి మళ్లీ కట్టాను. మిగిలిన కొస కత్తిరించి కాల్చాను కూడా, పీచు లేవకుండా. నాలుగు వేళ్లు వెనక్కి, అంతా లెక్క ప్రకారం. తాడు మిగతా పొడుగంతా ఒక్కసారి చేత్తో తడిమి ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

కోటేశ్వరరావు గారి పరీక్ష

మరునాడు ఆదివారం. గవర్నర్‌పేటలో హోల్‌సేల్ బట్టల వ్యాపారం చేసే కోటేశ్వరరావు గారికి ఆ రోజు పరీక్ష. యాభై దాటాక పడవ నేర్చుకుందామని వచ్చిన మనిషి. మొదటి రోజు తళతళలాడే బూట్లతో జెట్టీ మీద నిలబడి, "ఏవండీ, ఇందులో సీటు బెల్టు ఎక్కడా?" అని అడిగారు. అందరం నవ్వాం, ఆయనా నవ్వారు. కానీ మానలేదు. ఏడాదిపాటు ప్రతి ఆదివారం వచ్చారు. ఒంటరిగా ఒక చుట్టు తిరిగి వస్తే సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూడటానికి భార్య, కూతురు, అల్లుడు, మనవలు, కొట్లో గుమాస్తా, ఒక క్యారేజీ పులిహోర అన్నీ ఒడ్డుకు వచ్చాయి. పడవ రెండో నంబరు.

నాలుగింటికి బయల్దేరారు. మాకు గాలి గుర్తు ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాలు. పొగ నిటారుగా లేస్తే హాయి. ఒరిగితే జాగ్రత్త. ఆయన సగం దూరం పోయేసరికి పొగ గొట్టం అంచునుంచే పక్కకు పడుకుంది. కమాండర్ గారు మెగాఫోన్ తీసే లోపే కోటేశ్వరరావు గారు చాప దించడం మొదలుపెట్టారు. ముందు కొస తగిలించారు, వెనక తాడు లాగారు, పడవ నిలదొక్కుకుంది. నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి. సీటు బెల్టు అడిగిన మనిషి ఒంటరిగా ఎగ్గట్టుకున్నాడు! ఒడ్డున మనవలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే తాడు పుటుక్కుమంది. కప్పీ దగ్గర. చాప వెనక కొస గాల్లోకి లేచింది, బూమ్ ఎగిరి వచ్చి ఆయన నుదుటికి తగిలింది, పడవ బోల్తా కొట్టింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి ఆయన తేలారు, కళ్లజోడు తేలలేదు. రెస్క్యూ బోటు తెచ్చి జెట్టీ మీద కూర్చోబెట్టేసరికి నుదుటి మీద నుంచి రక్తం కారుతోంది. భార్య కొంగు అదిమిపెట్టి ఏడుస్తోంది. "నేను ఎగ్గట్టానండీ! సరిగ్గానే ఎగ్గట్టానండీ!" అని ఆయన అందరికీ చెప్పుకుంటున్నారు. ఆ మాట నాకు బూమ్ దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

గంట తర్వాత కమాండర్ గారు షెడ్డులో అందరినీ నిలబెట్టారు. తెగిన తాడు చేతిలో ఉంది. పై తొడుగు ఒకచోట ముందునుంచే పీలికలైపోయి ఉంది. కప్పీలో ఏదో పదును ఉంది, అది రోజూ కొరుకుతూ వచ్చింది.

"ఈ బోటు కడిగిందెవరు?"

"నేనండీ" అంది నాంచారమ్మ. "నే నిన్ననే చెప్పానండీ మాస్టారికి."

అందరూ నా వంక చూశారు. అప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "చెప్పింది సార్. కానీ పెరిగిందంది. తెగిందని అనలేదు" అని నవ్వాను. భయంతో వచ్చే నవ్వు అది. నేను నవ్వితే పక్కన కోచ్‌లు నవ్వారు. తెగిన తాడును పెరిగిందంటుంది, చూడండి తమాషా అన్నట్టు అయిపోయింది.

కమాండర్ గారు నవ్వలేదు. "తాడు తెగితే తెగిందని చెప్పడం రానోళ్లు నా బోట్ల దగ్గరొద్దు. రేపట్నించి రావద్దని చెప్పు" అన్నారు, నాతో.

చెప్పాను. నేనే చెప్పాను. ఆమె పిండుతున్న గుడ్డను దులిపి తీగ మీద ఆరేసింది, బకెట్టు బోర్లించింది, వెళ్లిపోయింది. నా వంక చూడలేదు.

మా ఆవిడ అడిగింది

ఇంటికి పోయి జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను. కొంచెం నాకు అనుకూలంగానే చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ అంతా విని, "పోయిన నెల నా నల్లపూసలు పెరిగాయంటే మీరేం చేశారు?" అంది.

"ఏం చేశాను? కొట్టుకు తీసుకెళ్లి గుచ్చించుకొచ్చాను."

"పొడుగయ్యాయని కత్తిరించుకు రాలేదుగా?"



మెళ్లో తాడు తెగిందని ఏ ఆడది అంటుందండీ? పెరిగింది అంటారు. గాజు పగిలితే పెరిగింది అంటారు. మా అమ్మ అనేది, మా ఆవిడ అంటుంది, నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. మా ఇళ్లలో ఆ మాట మెళ్లో తాడు, చేతి గాజుల వరకే. నాంచారమ్మ పుట్టిన ఇంట్లో మగాళ్ల ప్రాణాలు సముద్రం మీద తాళ్లకు వేలాడతాయి. వాళ్ల ఆడవాళ్లు ఏ తాడునూ తెగిందనరు. ఆమె నాకు చెప్పింది సాగిపోయిందని కాదు, తెగుతోందని. "బిగిస్తే సరిపోద్దాండీ?" అని మళ్లీ అడిగింది కూడా.

షెడ్డులో నిలబడి నవ్వినప్పుడు నాకు ఇది తెలియదా? చాలా ఏళ్లు తెలియదనే చెప్పుకున్నాను. నిజం రాయాలంటే, ఆమె "నే చెప్పానండీ" అన్న క్షణంలోనే సగం తెలిసింది. మిగిలిన సగం తెలుసుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే తెలుసుకుంటే తప్పు నాదవుతుంది. సిగ్గుపడాల్సిన సంగతి. పడుతున్నాను.

ఉప్పు నిండుకుంటే

సోమవారం పొద్దున్నే కమాండర్ గారి గదికి పోయాను. అక్కడ కోటేశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు, నుదుటికి ప్లాస్టరు, ముక్కు మీద పాత కళ్లజోడు. ఇద్దరూ ఒకేచోట దొరకడం నా దురదృష్టం అనుకున్నాను.

"సార్, ఆమె సరిగ్గానే చెప్పింది. నేనే తప్పుగా విన్నాను. పెరగడం అంటే తెగడమే" అన్నాను.

కమాండర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "పెరగడమంటే తెగడమేటయ్యా? ఇదేటి తెలుగు?"

కోటేశ్వరరావు గారు అందుకున్నారు. "తెలుగేనండీ కమాండర్ గారూ. మా ఆవిడ ఉప్పు నిండుకుందంటే డబ్బా నిండా ఉందని కూర్చుంటానా? కొట్టుకెళ్లి తెస్తాను. రాత్రి మా కొట్టు మూశామని మేమూ అనం, కట్టేశామంటాం. లేదు, పోయింది, తెగింది అనకూడనివి ఉంటాయి గదండీ ఇళ్లల్లో." ఆయన నా వైపు తిరిగారు. ముఖంలో నవ్వు పోయింది. "అయితే మాస్టారూ, నన్ను నీళ్లలో వేసింది మీరన్నమాట."

"అవునండీ."

"మా మనవల ముందు."

"అవునండీ."

 నన్ను క్షమించారని రాస్తే బాగుండును గానీ, ఆ రోజు క్షమించలేదు. "వచ్చే ఆదివారం మళ్లీ పరీక్షకొస్తాను. ఈసారి తాడు చూసేది ఆవిడైతేనే పడవెక్కుతా" అని లేచి వెళ్లిపోయారు.

కమాండర్ గారు రిజిస్టరు నా ముందుకు తోశారు. జరిగింది జరిగినట్టు, నా పేరుతో, నా చేత్తో రాయమన్నారు. రాశాను. నా పనిలో నేను రాసిన అన్ని పేజీల్లోకి నిజాయితీగా రాసింది అదొక్కటే అనుకుంటాను. "ఇక ఆమెను తీసుకురా. ఇంకెవర్నీ పంపకు, నువ్వే పో" అన్నారు.

ఆమె పెట్టిన షరతు

ఇబ్రహీంపట్నంలో ఏటి ఒడ్డున వాళ్ల ఇల్లు. ముంగిట్లో వల పరిచి నాంచారమ్మ, మొగుడూ చెరోపక్క కూర్చుని కంతలు కడుతున్నారు. నన్ను చూసి మొగుడు లేచి కుర్చీ వేశాడు. ఆమె లేవలేదు. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

"నాంచారమ్మా, తప్పు నాది. కమాండర్ గారికి చెప్పేశాను. రేపట్నించి రామ్మా" అన్నాను.

ఆమె వల మీద నుంచి చూపు తీయకుండా అంది. "మాట తెలవకపోతే తెలవదండీ. అందరికీ అన్ని మాటలు తెలవాలని ఏముంది? అడిగితే చెప్పేదాన్ని. మీరు అడగలేదు, నవ్వారు. మీరు నవ్వారని వాళ్లంతా నవ్వారు."

  క్షమించమన్నాను. అలాంటి మాట ఆ షెడ్డులో ఎవరితోనూ అన్న అలవాటు లేదు నాకు.

మొగుడు మధ్యలో కల్పించుకుని, "పోవే, పెద్దాయన ఇంటికొచ్చి అడుగుతుంటే" అన్నాడు. ఆమె అతని వంక ఒక చూపు చూసింది, అతను మళ్లీ వల పట్టుకున్నాడు.

"వస్తానండీ. కానీ ఉత్త కడగడానికి రాను. పడవ నీళ్లలోకి దిగే ముందు తాళ్లు నే చూస్తాను. నే సరేనంటేనే దిగాలి. సంతకం మీరే పెట్టుకోండి, నాకు రాదు. నే వద్దంటే మాత్రం వద్దే. తాడు వేసింది మీరైనా సరే."

అప్పటిదాకా ఆ ఆఖరి మాట నాది. పడవ దిగొచ్చునా లేదా అన్నది పధ్నాలుగేళ్లుగా నేనే చెబుతున్నాను. అది పోతే నాలో మాస్టారు ఏం మిగుల్తాడు అన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కమాండర్ గారిని అడిగి చెబుతాననడం తేలిక. సరేనన్నాను. ఆయనకు తర్వాత చెప్పుకుంటే, "మరి నేనెందుకయ్యా ఇక్కడ?" అని గొణిగి ఊరుకున్నారు.

కొత్తగా వచ్చిన మీ ఇద్దరికీ నేను చెప్పేది ఏముంటుంది? తాడు గురించి ఎవరేం చెప్పినా, పడవ కడిగే మనిషి చెప్పినా, వంట చేసే మనిషి చెప్పినా, చేతిలో పని పక్కన పెట్టండి. "అంటే ఏంటి? ఏదీ, చూపించు" అనండి. అందులో పోయేదేమీ లేదు.

తర్వాతి ఆదివారం కోటేశ్వరరావు గారు వచ్చారు. కుటుంబమంతా వచ్చింది, పులిహోరతో సహా. రెండో నంబరు పడవకు కప్పీ మార్చి, కొత్త తాడు వేసి, పొద్దుటినుంచి నాలుగుసార్లు చూసుకున్నాను. పొగగొట్టాల మీద పొగ అప్పుడప్పుడే ఒరుగుతోంది. ఆయన ఒక కాలు పడవలో పెట్టారు. నాంచారమ్మ వెనక తాడు వేళ్ల మధ్య నుంచి నడిపిస్తూ వచ్చి, ఉంగరానికి జానెడు ఇవతల ఆగింది.

"మాస్టారూ, ఇది విప్పండి."

జెట్టీ మీద అందరూ చూస్తున్నారు. నా కంటికి ఆ తాడు కొత్త పెళ్లికొడుకులా ఉంది. ఏమీ లేదు, నేను చూశాను అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"ఎక్కడ?" అన్నాను.

ఆమె నా బొటనవేలు పట్టుకుని ఆ చోట పెట్టింది. నడిపించాను, ఏమీ తగల్లేదు. "మెల్లిగా" అంది. కోటేశ్వరరావు గారు పడవలోంచి కాలు తీసి జెట్టీ మీద పెట్టారు. మళ్లీ నడిపించాను, ఈసారి కళ్లు మూసుకుని.

తగిలింది.